కళాశాల కారును గూర్చి మా మనవి

మన కళాశాల ఆవరణలో వేపచెట్టు క్రింద నిలిచియున్న అంబాసిడర్ కారును గూర్చి ఈ సంవత్సరము జరిగినంత చర్చ పరీక్షల కాలపట్టికను గూర్చియైనను జరుగలేదు. దానిని బాగుచేయించవలెనని కొందరు, అమ్మివేయవలెనని కొందరు, ఏదేని అనాథ శరణాలయమునకు దానముగా ఇచ్చివేయవలెనని మరికొందరు వాదించుచున్నారు. కమిటీ పెద్దలు ఇంకను ఏ నిర్ణయమునకు రాలేదు. నిర్ణయము చేయుట వారి పని. అభిప్రాయము చెప్పుట విద్యార్థులకు కూడ తగునని తలచి, ఉర్దూ విభాగమునకును తెలుగు విభాగమునకును చెందిన మేము కొందరము కూర్చుండి మాటలాడుకొని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ కారు 2006వ సంవత్సరమున వచ్చినది. నాటి కమిటీ సభ్యులును, పట్టణములోని వర్తకులును, గల్ఫు దేశములలో ఉద్యోగములు చేయుచున్న పూర్వ విద్యార్థులును తలా కొంత చందా వేసికొని, క్రొత్త బండిని కొని కళాశాలకు అప్పగించినారు. అప్పటికే బజారులో చిన్న కార్లకు కొదువ లేదు. మారుతి 800 వచ్చి ఇరువదిరెండేండ్లు గడచినది. అయినను పెద్దలు అంబాసిడర్‌నే ఎంచుకొన్నారు. వెనుక సీటున నలుగురు పిల్లలు పుస్తకముల సంచులతో సహా కూర్చుండగలరనియు, గుంతలు పడిన త్రోవలలో కమాను కట్టలు గల ఇటువంటి బండియే నిలుచుననియు, ఎక్కడ ఆగిపోయినను ఏ ఊరి మెకానిక్ అయినను విప్పి బిగించగలడనియు వారి లెక్క. ఆ లెక్క చాలకాలము తప్పలేదు.

తప్పినది ఎక్కడనగా, బండి ఉండగనే బండి చేయు కర్మాగారము లేకపోయినది. కలకత్తాకు చేరువనున్న ఉత్తరపాడాలో 1950వ దశకము చివర, ఇంగ్లాండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును నమూనాగా తీసికొని ఆరంభించిన అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయినది. 2017లో ఆ పేరును కూడ ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థకు 80 కోట్ల రూపాయలకు అమ్మివేసినారు. నేడు క్లచ్ ప్లేటు, బ్రేకు లైనింగు వంటి అరిగిపోవు సామానులు ఎట్లో దొరకుచున్నవి. తలుపు పిడి, అద్దమును ఎక్కించు యంత్రము, ముందు బంపరు వంటివి కావలెనన్న, విజయవాడ ఆటోనగర్ వంటి చోట మరియొక చచ్చిన అంబాసిడర్ ఎదురుపడవలసినదే.

ఇక ఈ బండి ఇన్నేండ్లు ఏమి చేసినదో చెప్పుకొనక తప్పదు. అతిథులను రైల్వే స్టేషను నుండి తెచ్చుట, బ్యాంకుకు పోయి వచ్చుట మొదలగునవి చిన్న పనులు. వానికి ఆటో చాలును. అసలు పని వేరు. మన కళాశాలలో చదువు బాలికలలో పెక్కుమంది చుట్టుప్రక్కల పల్లెల నుండి వచ్చువారు. ప్రాక్టికల్ పరీక్షలు వేరొక పట్టణములో పడినప్పుడును, క్రీడాపోటీలకు, వక్తృత్వ పోటీలకు పోవలసి వచ్చినప్పుడును, తిరిగివచ్చుసరికి చీకటి పడును. అట్టి ప్రయాణమునకు తమ కుమార్తెను పంపుటకు జంకు తండ్రి, "కాలేజీ కారులో పోవుదురు, డ్రైవరు చాచా వెంట ఉండును" అన్న మాట విని సమ్మతించినాడు. ఈ ఒక్క మాట మీద పరీక్ష వ్రాసి పట్టా పుచ్చుకొని, నేడు ఉపాధ్యాయినులుగా పనిచేయుచున్నవారు మన పట్టణములోనే కలరు. కావున కారు అమ్మకమన్న మాట వినగానే మా తోడి విద్యార్థినుల ముఖములు ఎందుకు చిన్నబోయినవో కమిటీ పెద్దలు గ్రహింపవలెనని మా కోరిక. వారు ఇనుపరేకుల కొరకు బాధపడుటలేదు. వచ్చే సంవత్సరము ఇంటిలో ఏమని చెప్పి బయలుదేరవలెనా యని ఆలోచించుచున్నారు.

కారును గూర్చిన మాటకు ముందు చట్టము మాట చెప్పుకొందము. ఏలయన దీనిని గూర్చి తరగతి గదులలో తోచిన మాటలెల్ల నడచుచున్నవి. పదునైదేండ్లు దాటిన బండిని ప్రభుత్వము వారు వచ్చి పట్టుకొనిపోవుదురని ఒకరు చెప్పినారు. అది సరికాదు. ఢిల్లీ రాజధాని ప్రాంతములో పదేండ్లు దాటిన డీసెలు బండ్లును, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లును నడువరాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పినమాట నిజమే. అది ఆ ప్రాంతపు గాలిని బట్టి పుట్టిన ఆంక్ష. 2023 ఏప్రిల్ 1 నుండి పదునైదేండ్లు నిండిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషన్‌ను పొడిగించుట మానినమాటయు నిజమే. మన కారు సంఘము పేర నున్న సొంత బండి. ప్రభుత్వ వాహనము కాదు. మనకు వర్తించునది 1988 నాటి మోటారు వాహనముల చట్టము. దాని ప్రకారము సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ పదునైదేండ్లు చెల్లును. ఆపైన బండిని చూపించి, యోగ్యముగా నున్నదని తేలినచో, ఐదేసి సంవత్సరములు పొడిగింపు పొందవచ్చును. మన బండికి 2021లో ఒక పొడిగింపు అయినది. రెండవది 2026 జూలైలో పడును.

ఆ రెండవ పొడిగింపే ఇప్పుడు మన మెడమీద కత్తి. పూర్వము పాత కారు రిజిస్ట్రేషన్ పొడిగింపునకు రుసుము 600 రూపాయలు మాత్రమే. 2022 ఏప్రిల్ నుండి పదునైదేండ్లు దాటినవానికి దానిని 5,000 చేసినారు. 2025 ఆగస్టులో వచ్చిన సవరణతో ఇరువదియేండ్లు దాటిన కారుకు అది 10,000 రూపాయలైనది. ఇదిగాక హరిత పన్ను, పొగ పరీక్ష, బీమా ఉండనే ఉన్నవి. తేదీ ఒక్కనాడు దాటినను మన బండి ఇరువది దాటినవాని వరుసలో చేరును. రుసుము పదివేలు పెద్ద మొత్తము కాదని ఒక సభ్యుడు అనినట్లు వింటిమి. నిజమే. కాని రుసుము కట్టినంత మాత్రమున పొడిగింపు రాదు. బండి పరీక్షలో నిలువవలెను. నిలుచునా?

నిలువవలెనన్న చేయవలసిన మరమ్మతును గూర్చి మేము మెకానిక్‌ను అడిగితిమి. ఆయన కారును పైకెత్తి అడుగు చూపించినాడు. ఇంజను పని చేయదగినదేనట. స్టీరింగు, బ్రేకు డ్రమ్ములు, వెనుక కమాను కట్టలు మార్చుకొనవచ్చునట. భయపెట్టునది తుప్పు. డ్రైవరు కాళ్ళ క్రింది రేకు, తలుపుల క్రింది అంచులు, వెనుక చక్రముల మీది గూళ్ళు తిని పోయినవి. లారీకి గాని పాత జీపుకు గాని అడుగున వేరుగా చాసిస్ చట్రము ఉండును. పైకప్పు ఊడిపోయినను చట్రము బరువు మోయును. అంబాసిడర్‌కు అట్టి చట్రము లేదు. రేకులతో అతికిన దేహమే దానికి ఎముకల గూడు. కావున అడుగు రేకు తుప్పుపట్టుట యనగా గోడకు సున్నము రాలుట వంటిది కాదు, దూలమునకు చెద పట్టుట వంటిది. పైన అతుకు వేసి రంగు పూయించిన బండి చూపునకు బాగుండును. పిల్లలను ఎక్కించుకొని పోవు బండికి చూపు చాలునా? తుప్పు తిన్న భాగమంతయు కోసివేసి, క్రొత్త రేకు వెల్డింగు చేయించి, యంత్రభాగములు మార్చి, రంగు వేయించుటకు లక్ష రూపాయలకు పైమాటయే యని ఆయన లెక్క. ఇంత చేసినను పై వానకాలమునకు ఇంకొకచోట తుప్పు తేలదని తాను మాట ఇయ్యలేనని కూడ చెప్పినాడు. ఈ చివరిమాట చెప్పినందుకే మేము ఆయన లెక్కను నమ్మితిమి.

బాగుచేయించవలె నను పక్షము తెలివితక్కువదని మేము అనుటలేదు. వారి మాటలో రెండు బలమైన సంగతులున్నవి. ఒకటి, ఉన్నదానిని ఓపికతో వాడుకొనుట మన ఇండ్లలో పెద్దలు నేర్పిన పద్ధతి. చినిగిన ప్రతి వస్తువును పారవేసి క్రొత్తది కొనుట గొప్ప కాదు. రెండవది మాకు మరింత దగ్గరిది. మాతో చదువుచున్నవారిలో మెకానిక్కుల బిడ్డలు, వెల్డింగు పనివారి తమ్ములు, సీటు కవర్లు కుట్టువారి కుమారులు ఎందరో కలరు. పాత బండి ఒకటి మరమ్మతునకు వచ్చిన అయిదారు ఇండ్లలో పొయ్యి వెలుగును. ఆ లక్ష రూపాయలు ఎక్కడికో పోవు, మన వీధిలోనే తిరుగును. ఈ మాట విన్నప్పుడు మాలో కొందరము వెనుకాడితిమి కూడ.

అయినను మేము మరమ్మతు వద్దనుచున్నాము. కళాశాల సొమ్ము విద్యార్థుల ఫీజుల నుండియు దాతల చందాల నుండియు వచ్చినది. పనివారికి పని కల్పించవలెనని తోచినచో ప్రయోగశాల బల్లలు, విరిగిన బెంచీలు, తరగతి గదుల కిటికీలు ఎదురు చూచుచునే ఉన్నవి. వాని మీద పెట్టిన వెల్డింగు పదేండ్లు నిలుచును. మరియొక వాదము కూడ వినవచ్చినది: గత సంవత్సరమే క్లచ్ మార్పించితిమి, రెండు టైర్లు వేయించితిమి, ఇప్పుడు వదలివేసిన ఆ సొమ్మంతయు వృథాయగును గదా యని. ఇది మా మనస్సునకు ఎక్కలేదు. ఆ సొమ్ము పోయినది. ఇక మీద పెట్టబోవు లక్ష ఏమి ఇచ్చునో చూడవలెను గాని, వెనుక పెట్టిన పదివేల కొరకు ముందు లక్ష పెట్టుట కుక్కతోక పట్టి గోదావరి ఈదుట యగును.

ఇప్పుడు దానము. ఈ పక్షము వినుటకు మిక్కిలి ఇంపుగా నున్నది. మన సావనీరులో ఫోటో పడును. కళాశాలకు మంచి పేరు వచ్చును. అమ్మకపు బేరములో పడు చికాకులు ఉండవు. అమెరికాలో స్థిరపడిన పూర్వ విద్యార్థి ఒకరు, తామున్నచోట పాత కార్లను ధర్మసంస్థలకు ఇచ్చుట సర్వసాధారణమనియు, మనమును అట్లే చేయరాదా యనియు జాబు వ్రాసినారు. వారి సద్భావమునకు నమస్కారము. కాని అక్కడ జరుగు దానము స్వరూపము వేరు. అచ్చటి ధర్మసంస్థలు చాలవరకు ఆ కారును తాము వాడుకొనవు. వేలము వేయించి, వచ్చిన డబ్బును వాడుకొనును. దాతకు ఆదాయపు పన్నులో రాయితీ కలదు. 2005 నుండి ఆ రాయితీని కూడ చాలవరకు వేలములో పలికిన ధరకే కట్టడి చేసినారు; బండి విలువను దాతలు తమ ఇష్టము వచ్చినట్లు వేసికొనుచుండిరని తేలినందున. అనగా అక్కడ దానమని పిలుచునది నిజమునకు ఒక అమ్మకమే; అమ్ము శ్రమను ధర్మసంస్థ నెత్తిన వేసికొనుచున్నది. మన దేశములో 80జి కింద రాయితీ డబ్బు రూపమున ఇచ్చిన విరాళములకే గాని వస్తువులకు లేదు. అట్లు వేలము నడిపి ధర్మసంస్థలకు సొమ్ము చేర్చు ఏర్పాటు మన పట్టణములో మాకు కనబడలేదు.

మన పట్టణములో శరణాలయమునకు కారు ఇచ్చుట యనగా అక్షరాల కారునే ఇచ్చుట. అప్పుడు ఆ లక్ష రూపాయల మరమ్మతు ఎవరిది? జూలై నెల పదివేలు ఎవరు కట్టవలెను? బీమా ఎవరిది, డ్రైవరు జీతమెవరిది, డీసెలు ఎవరిది? అన్నము గిన్నెలు లెక్కపెట్టుకొని వండుకొను ఆ ఇంటి వాకిటిలో ఒక తుప్పుపట్టిన కారును నిలిపి, మెడలో పూలదండ వేసి, ఫోటో దిగి వచ్చుట మాకు ధర్మముగా తోచుటలేదు. కఠోపనిషత్తులో నచికేతుని కథ మన తెలుగు తరగతిలో విన్నదే. తండ్రి వట్టిపోయిన ముసలి ఆవులను యజ్ఞదక్షిణగా ఇచ్చుచుండగా చూచి ఆ పసివాడు కలతపడినాడు. పాలు తీసికొన్న కాలమంతయు మనది, మేత మేపు కాలము మాత్రము పుచ్చుకొన్నవానిది! ఈ కథ చెప్పగనే ఉర్దూ విభాగపు మిత్రులు, తాము పుచ్చుకొనుటకు ఇష్టపడని వస్తువును ఇతరులకు ఇయ్యరాదని తమ పెద్దలును చెప్పుదురని అన్నారు. ఈ ఒక్క విషయములో రెండు విభాగములకు నిమిషము కూడ వాదము జరుగలేదు.

ఐ.టి.ఐ.కి ఇత్తుమా యని ఒక సూచన వచ్చినది. ఇది వేరు జాతి దానము, దీనిని మేము తోసివేయుటలేదు. అక్కడ బండి రోడ్డు ఎక్కనక్కరలేదు. పిల్లలు విప్పుట, బిగించుట నేర్చుకొనుటకు తుప్పు అడ్డము కాదు. గేరుబాక్సు, క్లచ్, డిఫరెన్షియల్ ఏ బండిలో చూచినను సూత్రమొక్కటే. అయితే రెండు మాటలు. 2020 ఏప్రిల్ నుండి దేశములో భారత్ స్టేజ్ 6 బండ్లే అమ్ముడగుచున్నవి. వాని ఇంజను, పొగను శుద్ధిచేయు ఏర్పాటు, వానిని నడుపు విద్యుత్ పరికరములు పాత అంబాసిడర్‌లో మచ్చునకైనను లేవు. నేడు పని నేర్చుకొను కుర్రవానికి కావలసినది ఆ విద్య. కనుక ఐ.టి.ఐ. వారు తమంతట తాము వచ్చి చూచి, మాకు పనికివచ్చునని వ్రాతమూలకముగా అడిగినచో ఇయ్యవచ్చును. వారు అడుగక మునుపే మనము మోసికొనిపోయి దింపుట మర్యాద కాదు. రెండవమాట, సంఘము ఆస్తిని ఉచితముగా ఇచ్చు అధికారము కమిటీకి కలదో లేదో నిబంధనావళి తీసి చూడవలెను. చందా ఇచ్చినవారు ఈ బండిని విద్యార్థుల కొరకు ఇచ్చినారు; కమిటీ చేతిలో అది అమానతు. పరులకు ధారపోయునప్పుడు ఆ దాతలలో ఉన్నవారినైన ఒకమాట అడుగుట న్యాయము.

కావున మిగిలినది అమ్మకము. ఇక్కడనే మేము కొంచెము ఎక్కువగా వ్రాయదలచితిమి, ఏలయన మన ఊళ్ళలో పాత బండ్ల అమ్మకము ఎట్లు జరుగునో అందరికి తెలిసినదే. బ్రోకరు వచ్చును, చేతిలో డబ్బు పెట్టును, తెల్ల ఫారముల మీద సంతకము చేయించుకొని తాళపుచెవి తీసికొనిపోవును. పేరు మార్పు తరువాత చూచుకొందమనును. ఆ తరువాత ఎన్నటికిని రాదు. బండి చేతులు మారుచు పోవును, పేరు మాత్రము మొదటివానిదే నిలుచును.

దీని ఫలితమేమో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును చూచిన తెలియును. ఒక కారు యజమాని దానిని అమ్మినాడు. అది పలు చేతులు మారినది. రిజిస్ట్రేషన్ మాత్రము మారలేదు. ఆపైన ప్రమాదము జరిగి ప్రాణము పోయినది. పరిహారము ఎవరు చెల్లించవలెనన్న ప్రశ్నకు, ప్రమాదము నాటికి రిజిస్టరులో ఎవరి పేరున్నదో చట్టము దృష్టిలో వారే యజమాని యని న్యాయస్థానము తేల్చినది. బండిని అమ్మితిని, నా చేతిలో లేదు అన్న సమాధానము చెల్లలేదు. మన కారు రేపు ఏ పల్లెలోనో అద్దెకు తిరుగుచు ఎవరినైనను గ్రుద్దినచో, ఫలానా విద్యాసంఘము పేర నోటీసు వచ్చును. అప్పుడు కమిటీ అధ్యక్షులు ఎవరున్నను కోర్టు మెట్లెక్కవలసినదే. పదో పదునైదో వేలు ఎక్కువ ఇచ్చు బ్రోకరుకంటె, ఫారము 29, ఫారము 30 మన ఎదుట నింపి ఆర్.టి.ఓ. కార్యాలయములో పేరు మార్పించుకొను కొనుగోలుదారు తక్కువ ఇచ్చినను మేలు. రాష్ట్రములోపలి అమ్మకమునకు అమ్మినవారు 14 దినములలో, కొన్నవారు 30 దినములలో తెలియజేయవలెనని చట్టమున్నది. మనము ఆ గడువు కొరకు కూడ ఆగవలదు. పేరు మారిన కాగితము చేతికి వచ్చినపుడే తాళపుచెవి ఇయ్యవలెను. గుమాస్తాల ద్వారా గాక కమిటీ సభ్యుడొకరు స్వయముగా పోవుట మంచిది.

అట్టి కొనుగోలుదారు దొరకునా? అంబాసిడర్ మీద మమకారముతో కొని బాగుచేయించుకొనువారు అక్కడక్కడ కలరు. సినిమా చిత్రీకరణలకు అద్దెకిచ్చువారును కలరని విన్నాము. అట్టివాడు వచ్చిన మన బండి అదృష్టము. ప్రాచీన వాహనముగా ప్రత్యేక రిజిస్ట్రేషన్ పొందవచ్చునని మా తరగతిలో ఒక మిత్రుడు ఉత్సాహపడినాడు. 2021లో వచ్చిన నియమము ప్రకారము దానికి బండి వయస్సు 50 ఏండ్లు దాటవలెను. మన కారు ఆ గౌరవము పొందుటకు 2056 వరకు వేపచెట్టు క్రింద వేచియుండవలెను. అప్పటికి వేపచెట్టు ఉండునో లేదో!

నోటీసు బోర్డు మీదను, పట్టణములో రెండు మూడు చోట్లను ప్రకటన వేసి, మూసిన కవర్లలో ధరలు పిలిచి, రెండు నెలలలో తగిన వ్యక్తి రానిచో, ప్రభుత్వ గుర్తింపు పొందిన తుక్కు కేంద్రమునకు అప్పగించుట సరియైన దారి. 2021 సెప్టెంబరులో వచ్చిన నియమముల ప్రకారము అట్టి కేంద్రములు బండిని తీసికొని, ఆయిలు, బ్యాటరీ మొదలగు హానికరములను వేరుచేసి, భాగములుగా విప్పి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, ధ్రువపత్రము ఇచ్చును. సందులోని పాత ఇనుము అంగడిలో కేజీ లెక్కన నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చును. కాని చాసిస్ నెంబరు గల రేకు ఎవరి చేతిలో పడునో తెలియదు. గుర్తింపు కేంద్రము ఇచ్చు డిపాజిట్ పత్రము చూపినచో, ముందు ముందు కళాశాల వేరొక బండి కొన్నపుడు రిజిస్ట్రేషన్ రుసుము ఉండదు. సొంత వాహనపు పన్నులో నూటికి 25 వంతుల వరకు రాయితీ ఇయ్యవచ్చునని కేంద్రము రాష్ట్రములకు చెప్పినది.

చందా ఇచ్చినవారి మనస్సు నొచ్చునేమో యని కొందరు పెద్దలు సంకోచించుచున్నారట. వారిలో ఇద్దరు ముగ్గురిని మేము కలిసికొని మాటలాడితిమి. "మేము ఇచ్చినది కారు కాదు నాయనా, పిల్లలు పరీక్షకు చేరుట" అని ఒకరు అన్నారు. ఇంతకన్న మేము చెప్పగలిగినది లేదు. డ్యాష్‌బోర్డు మీద బిగించిన దాతల పేర్ల ఇత్తడి పలకను ఊడదీసి గ్రంథాలయపు గోడకు బిగించినచో చాలును.

కారు పోయిన తరువాత ప్రయాణముల మాట ఏమి? 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రములో స్త్రీలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము వచ్చినది గదా, ఇక కారెందుకని ఒక సభ్యుడు ప్రశ్నించినాడట. ఉచిత బస్సు మా తోడి విద్యార్థినులకు గొప్ప మేలు చేసినమాట వాస్తవము. ప్రతిదినము కళాశాలకు వచ్చు ఖర్చు తగ్గినది. కాని ప్రాక్టికల్ పరీక్ష సాయంకాలము ఆరు గంటలకు ముగిసినప్పుడు, పల్లెకు పోవు చివరి బస్సు ఐదున్నరకే వెళ్ళిపోయినచో, టిక్కెట్టు ఉచితమై ఏమి ప్రయోజనము? బస్సు స్టాండులో రాత్రి గడుపుమని ఏ తండ్రి తన కూతురును పంపును?

మా కోరిక ఇది. అమ్మకము వలన గాని తుక్కు వలన గాని వచ్చిన సొమ్మును సాధారణ నిధిలో కలుపవలదు. బీమా, డీసెలు, మరమ్మతుల పేర ప్రతి సంవత్సరము ఈ కారుకు వ్రాయుచున్న మొత్తమును కూడ దానికి చేర్చి, విద్యార్థినుల పరీక్షా ప్రయాణముల నిధి యని వేరు ఖాతా తెరువవలెను. గత సంవత్సరము కారు చేసిన ప్రయాణములు నెలకు ఆరేడుకు మించలేదని లాగ్ పుస్తకము చెప్పుచున్నది. అందులోను సగము స్టేషనుకు, బ్యాంకుకు. మిగిలిన ప్రయాణములకు మంచి బండిని దినమునకు అద్దెకు తీసికొన్నను ఆ నిధి సరిపోవునని కార్యాలయపు గుమాస్తా గారు లెక్కచూచి చెప్పినారు. అద్దె బండి ఎవరిదైనను స్టీరింగు ముందు మాత్రము మన డ్రైవరు చాచాయే కూర్చుండవలెను. ఆయనకు ఉద్యోగ విరమణకు ఇంక మూడేండ్లున్నవి. ఆ మూడేండ్లు కారు లేదని ఆయనను గేటు కాపలాకు మార్చుట మాకు సమ్మతము కాదు. తండ్రులు నమ్మినది అంబాసిడర్‌ను కాదు, ఆయనను. ఆయన వెంట అధ్యాపికయో, వయసు చెల్లిన ఆయాయో ఒకరు పోవు ఏర్పాటు కూడ చేసినచో ఇండ్లలో మాట ఎత్తువారు ఉండరు. ఈ మూడేండ్లలో ఆయన చేతి క్రింద మరియొకరిని తయారు చేసికొనవలసియున్నది. ఆడపిల్లలకు ఒక డ్రైవరమ్మ దొరికినచో ఇంకను మేలని మా విద్యార్థినుల సూచన. దీనికి పెద్దలు నవ్వకుండుదురు గాక.

కాలము తక్కువ. జూలైలో రిజిస్ట్రేషన్ గడువు తీరును. వేసవి సెలవులలో కమిటీ కూడుట కష్టము. ప్రకటనకు రెండు నెలలు కావలెను. కనుక రాబోవు సమావేశములోనే తీర్మానము చేయగోరుచున్నాము. కారు అసలు ఆర్.సి. పత్రము కార్యాలయపు బీరువాలో కనబడుటలేదని విన్నాము. అది దొరకనిచో పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, ఫారము 26 మీద నకలునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. ఆ వెదకులాట రేపే మొదలుపెట్టించినచో, తక్కిన పనులకు దారి ఏర్పడును.